సువర్ణ వీక్‌నెస్

తుల్సీరాం ఖమ్మంలోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు లెక్చరర్. హైదరాబాదులో వ్యక్తిత్వ వికాసం మీద శిక్షణ పొంది వచ్చినప్పటి నుంచి, విద్యార్థినుల భవిష్యత్తంతా తన భుజాల మీదే ఉందని నమ్మసాగాడు. సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని క్లాసుకొచ్చాడు.

"ఎదగాలంటే ప్లాన్ ఉండాలె. ప్లాన్ గీయాలంటే మీ వీక్‌నెస్ ఏందో మీకు తెలవాలె. ఇయ్యాల ఇంటికి ఫోన్ చేసి అడగండి. రేపు ఐదేండ్ల ప్లాన్ గీసుకుందాం."

హాస్టల్లో ఉండే సువర్ణ సార్ మాట జవదాటని పిల్ల. మధ్యాహ్నం ఇల్లందు దగ్గర తండాలో ఉన్న తల్లి సోమ్లికి ఫోన్ చేసింది. మాట్లాడింది లంబాడీలోనే గానీ, వీక్‌నెస్‌ను ఏమనాలో తోచక ఆ ఒక్క మాటా ఇంగ్లీషులోనే అనేసింది. సోమ్లికి తెలిసిన నాలుగైదు ఇంగ్లీషు మాటల్లో అదొకటి. ఊళ్లో డాక్టరు ఆ మాట అన్నాడంటే సెలైన్ ఎక్కిస్తాడు. ఆమె కంగారుగా ఏదో అడగబోయేలోపే సిగ్నల్ పోయింది.

సాయంత్రానికల్లా హాస్టల్ గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. గ్లూకోజు డబ్బాలు, బత్తాయిల సంచితో సోమ్లి, ఆమె అన్న దేవ్లా, వెనక సగం తండా దిగారు.

"మా సువర్ణకు వీక్‌నెస్ అంట. ఏడున్నది?" అంది సోమ్లి.

"మీ పిల్లకొక్కదానికేనా? క్లాసు మొత్తానికి ఉన్నదంట. సారే చెప్పిండు," అన్నాడు వాచ్‌మన్.

దేవ్లా వెంటనే ఫోన్ తీశాడు. రాత్రయ్యేసరికి వేంసూరు వైపు నుంచి మిగతా పిల్లల తల్లిదండ్రులు, వాళ్ల వెంట జెండాలతో విద్యార్థి నాయకులు, వాళ్ల వెంట మైకులతో విలేకరులు వచ్చారు. హాస్టల్లో అంతుచిక్కని రోగమని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. ప్రిన్సిపాల్ నాగలత తుల్సీరాంను గేటు దగ్గరికి తోసింది.

"అమ్మా, మనిషన్నంక వీక్‌నెస్ ఉంటది. ఐదేండ్లల్ల మొత్తం పోగొడ్త," అన్నాడతను ధీమాగా.

"ఐదేండ్లా! అప్పటిదాంక పిల్ల బతకాల్నా వద్దా సారూ?" అని సోమ్లి గొల్లుమంది. దేవ్లా చెయ్యి ఇస్త్రీ చొక్కా కాలరు మీద పడింది. సువర్ణ పరుగెత్తుకొచ్చి అడ్డుపడి, ఏం జరిగిందో విడమరిచి చెప్పింది గానీ ఎవరూ వినలేదు. నీరసంగా ఉంది కాబట్టే పిల్ల అలా మాట్లాడుతోందన్నారు.

గొడవ చల్లార్చడానికి నాగలత పెద్ద దవాఖానా నుంచి డాక్టర్లను పిలిపించింది. "ఏం లేదని రాసిచ్చి పోండి, చాలు," అని చెవిలో బతిమాలింది. అంతమంది జనం చూస్తుండగా వాళ్లు రక్తం తీయక తప్పలేదు.

మర్నాడు ఫలితాలొచ్చాయి. హాస్టల్లో సగం మందికి పైగా రక్తం తక్కువ. అందరికన్నా తక్కువ సువర్ణకే. సోమ్లి బత్తాయి ఒలిచి కూతురి నోట్లో పెట్టింది. తుల్సీరాం మొదటిసారి మెస్‌లోకి వెళ్లి, సాంబారు గిన్నెలో గరిటె తిప్పి ముక్క కోసం చాలాసేపు వెతికాడు. ఆ సాయంత్రమే నాగలత అతన్ని మెస్ ఇన్‌చార్జిని చేసింది.

ఏడాది చివర కళాశాల పంపిన వ్యక్తిత్వ వికాస నివేదికలో, సాధించిన ప్రగతి కింద ఒక్క మాటే ఉంది: కోడిగుడ్డు.