ఆపితే అంటుకునే మిషను

ఆ పొద్దున స్టిక్కర్ల బావ వేసుకున్న పథకం చిన్నదే. ఇల్లాలు వినైల్ స్టిక్కరు చుట్టలు కొనడానికి టోకు బజారుకు వెళ్ళి వచ్చేలోగా, ఆమె ప్లాటరుకున్న కత్తి పీకేసి, ఆ చోట లేజరు బిగించడం. ప్లాటరంటే రంగు స్టిక్కరు కాగితాన్ని రోలర్లతో ముందుకూ వెనక్కూ లాగుతూ, బుల్లి కత్తితో అక్షరాలు కోసే మిషను. వీధిలో అందరూ అతన్ని స్టిక్కర్ల బావ అంటారు గానీ, కోసేదీ అతికించేదీ కొట్టు నడిపేదీ ఆవిడే. బావ వాటా ఆ పిలుపు వరకే. దానికి తగ్గ పని ఒక్కటైనా చేసి చూపించాలని అతనికి చాన్నాళ్ళుగా లోపల్లోపల ఉడుకుతోంది.

"కత్తి జోలికి మాత్రం పోకండి, కొత్తది వేశాను. ఫైర్ ఆఫీసరుగారి బోర్డు సాయంత్రానికి ఇవ్వాలి. అది నచ్చితే ఏడాది పొడుగునా వాళ్ళ బోర్డులన్నీ మనకే" అని చెప్పి ఆవిడ గడప దాటింది.

ఆవిడ మలుపు తిరిగిందో లేదో, బావమరిది వెనక గుమ్మంలోంచి ఊడిపడ్డాడు. వాడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. విప్పేవరకూ బాగానే చేస్తాడు. సంచిలోంచి వేలెడంత లేజరు, పాత బైకు బ్యాటరీ, ఒకే ఒక్క జత నల్ల కళ్ళద్దాలు తీసి, అద్దాలు తనే పెట్టుకున్నాడు.

"మరి నాకురా?"

"నువ్వు చూసి చేసేదేముంది బావా. గోడవైపు తిరిగి నుంచో."

కత్తి దిగమని మిషను చెప్పినప్పుడల్లా లేజరు వెలగాలి, లేవమన్నప్పుడల్లా ఆరిపోవాలి. రెండు తీగలు కలిపితే చాలు. తీగలు రెండే గనక తప్పు కలపడానికి ఒక్క దారే ఉంది. వాడు ఆ దారే పట్టాడు.

నల్ల అట్ట పెట్టి, 'నిప్పుతో చెలగాటం వద్దు' అన్న బోర్డు మాటను కంప్యూటరు నుంచి పంపారు. మిషను ఒద్దికగా కదిలింది. గోడకు ముఖం పెట్టిన బావకు కాలిన వాసన తగిలి ఛాతీ ఉబ్బింది.

"కోస్తోందా?"

"కోస్తోంది గానీ, అక్షరాలు వదిలేసి మధ్యలో జాగాలు కోస్తోంది బావా."

"అయితే ఆపు."

ఆపాడు. ఆపితే కత్తి లేచినట్టు లెక్క. తీగలు తిరగబడ్డాయి గనక అది వెలగమన్నట్టు లెక్క. లేజరు ఒకేచోట నిలబడి అట్టనూ, దాని కింది పట్టీనీ, పట్టీ కింది ప్లాస్టిక్కునూ నిదానంగా తొలుచుకుపోసాగింది. బావమరిది ప్లగ్గు పీకాడు. అయినా అది వెలుగుతూనే ఉంది, దానికి సొంత బ్యాటరీ ఉందాయె.

"బ్యాటరీ తీగ లాగెయ్యరా."

"ఊడకూడదని గట్టిగా అతికించేశా. ప్లగ్గు మళ్ళీ పెడతా బావా. మిషను కోస్తున్నంతసేపే లేజరు ఆరి ఉంటుంది."

ఎడతెగని పని ఏదా అని ఆలోచించి, పేద్ద సున్నా గియ్యమని పంపారు. మిషను సున్నా చుట్టూ తిరుగుతున్నంతసేపూ లేజరు ఆరిపోయి బుద్ధిగా ఉంది. అప్పటికే రాజుకున్న పట్టీ మాత్రం సున్నా అయ్యేదాకా ఆగలేదు. సరిగ్గా అప్పుడే నమూనా చూద్దామని ఫైర్ ఆఫీసరు వచ్చాడు. బావ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపల పొగ వస్తోందేంటండీ?"

"పని జరుగుతోందండి."

"మంట కూడా కనబడుతోంది."

"తొందరగా జరుగుతోందండి."

ఆఫీసరు జీపులోంచి ఎర్ర సిలిండరు తెచ్చి పొడి కొట్టాడు. చుట్టలు చంకన పెట్టుకుని ఇల్లాలు వచ్చేసరికి గదిలో ముగ్గురు తెల్ల మనుషులు, మధ్యలో సగం కరిగిన ప్లాటరు.

"కత్తి జోలికి పోవద్దన్నానా?"

"దానికేం కాలేదు. భద్రంగా తీసి సొరుగులో పెట్టా" అన్నాడు బావ.

"తప్పంతా తీగదే అక్కా. ఆపమంటే వెలుగుతోంది."

"నీ నోటికీ అదే తీగ కలిపావా? మూసుకోమంటే తెరుస్తున్నావు."

ఇక బోర్డులు పోయినట్టేనని బావ తలొంచుకున్నాడు. ఆఫీసరు మిషను చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "నిప్పుతో చెలగాటం వద్దని ఎన్ని గోడలమీద రాయించినా ఒక్కడూ చదవడమ్మా. దీనిమీద ఉంటే చదువుతారు. అగ్నిప్రమాదాలమీద మేం పెట్టే ప్రదర్శనకు ఇస్తారా?"

"ఇస్తాం. ఏడాది బోర్డులు మాత్రం మాకే ఇవ్వాలి."

"మిషను లేకుండా ఎలా కోస్తారు?"

ఆవిడ సొరుగు లాగి, కత్తిని కలంలా పట్టుకుని, కూర్చున్నచోటే ఎర్ర స్టిక్కరులోంచి అక్షరాలన్నీ చేత్తో కోసి, కరిగిన మిషను మూతమీద వరసగా అంటించింది. అడుగున 'తయారీ: స్టిక్కర్ల బావ' అని మరో ముక్క కూడా అంటించింది.

ప్రదర్శనలో జనం ఆ మిషను దగ్గరే మూగారు. హెచ్చరికను పైకి చదివారు, బావ పేరును రెండుసార్లు చదివారు. మర్నాడు కొట్టు తలుపు తీసీ తియ్యకముందే ఒక ఆసామి చంకలో ప్లాటరు పెట్టుకుని దిగాడు.

"నిన్న అక్కడ చూశానండీ. అచ్చం అలాంటిదే చేసిపెట్టాలి."

ఇల్లాలు బావ వైపు చూసింది, బావ గోడవైపు తిరిగాడు. బావమరిది అప్పటికే నల్ల కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.