మేస్త్రిగారి మెడలో దండ

టింగ్! టింగ్! టింగ్!

కళ్లు తెరవకముందే చెవిన పడే ఈ సుప్రభాతం వాట్సాప్ ఫార్వర్డుది. మానవజాతికి ఇంతకు మించిన వరం మరొకటి దక్కలేదని సవినయంగా మనవి చేస్తున్నాను. నవ్వకండి!

అచ్చుయంత్రపు తొలినాళ్లను తలచుకోండి. ఒక్క వదంతిని లోకానికి అందించాలంటే ఎంత యాతన! సీసపు అక్షరాలు ఒక్కొక్కటిగా కూర్చాలి. సిరా పూయాలి. ప్రూఫు దిద్దాలి. 'ఈ కరపత్రమును వేయి ప్రతులు అచ్చు వేయించి పంచినవారికి నిధి దొరుకును, చించినవారు నెత్తురు కక్కుదురు' అని బెదిరిస్తే తప్ప భక్తుడి చెయ్యి జేబులోకి పోయేది కాదు. ఆ కట్టలు ఎడ్లబండెక్కి పొరుగూరు చేరేలోగా నిజం కాలినడకన వెళ్లి, అన్నం తిని, ఒక కునుకు తీసేది!

ఇప్పుడో? బొటనవేలు చాలు. ప్రూఫు దిద్దే పీడ లేనే లేదు.

ఉదాహరణ కావాలా? కువైత్‌లోని ఖైతాన్‌లో మా గదిలో ఆరుగురం. అందరిలో పెద్ద మేస్త్రిగారు; ఊరు కోనసీమ, పని అమ్ఘరా స్క్రాప్ యార్డులో. మొన్న గురువారం ఆయన పుట్టినరోజు. కేకు కోయించాం. మా గదిలోవాడే బుజ్జిబాబు, ఆయన మెడలో కాగితపు పూలదండ వేసి, ఫొటో తీసి, పేరుతో సహా శుభాకాంక్షలు రాసి గ్రూపులో పెట్టాడు.

ఫొటో ప్రయాణం మొదలైంది. గ్రూపు దాటగానే పేరు రాలిపోయింది. ఊరికి ఆ చివరనున్న మంగఫ్ గ్రూపులకు చేరేసరికి శుభాకాంక్షలు రాలిపోయాయి. దండ మాత్రం మిగిలింది. దండ పడిన ఫొటోకు అర్థం మన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? ఎవరో దయామయుడు ముందొక దీపం కూడా అతికించాడు. శుక్రవారం పొద్దున్నకల్లా 'కువైత్‌లో తెలుగు సోదరుడి మృతి, ఓం శాంతి' అంటూ అది మా గదికే తిరిగొచ్చింది.

మొదట భోరుమన్నది, ఫొటో తీసిన బుజ్జిబాబే!

"ఒరేయ్, ఇక్కడే ఉన్నాను కదరా!" అన్నారు మేస్త్రిగారు, పళ్లు తోముకుంటూ.

"నువ్వూరుకో బావా! ఎన్ని గ్రూపులు తిరిగొచ్చిందో చూడు. అంతమంది పెద్దోళ్లు తెలీకుండానే పెడతారేంటి?"

'బతికే ఉన్నాను' అని మేస్త్రిగారు స్వయంగా గ్రూపులో రాశారు. దాని మీద ఫార్వర్డు ముద్ర లేదు. ఎవరు నమ్ముతారు చెప్పండి? "పోయినాయన ఫోనుతో ఆటలా? ఖలాస్!" అని అడ్మిన్ ఆయన్ను గ్రూపులోంచి తీసేశాడు. సంతాపసభకు హాలు మాట్లాడారు. దయతలచి ఆయన్నూ రమ్మన్నారు!

మేస్త్రిగారికి తన చావు గురించి బెంగ లేదు. ఊళ్లో భార్య సూర్యావతిగారు ఆ ఫొటో చూస్తే? అదొక్కటే బెంగ. ఫోను చేస్తే కలవదు. అటు లైనూ, ఇటు లైనూ పరామర్శలతో బిజీ! "ఎత్తవే, ఒక్కసారి ఎత్తవే!" అంటూ పేస్టు నురగ తుడుచుకోవడం కూడా మరిచిపోయి, గది ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతున్నారు.

అప్పుడు నా ఫోను మోగింది. టింగ్ కాదు, ట్రింగ్.

"ఆయన ఉన్నారాండీ?" ఎవరో స్త్రీ గొంతు. వెనక గుంపుగా ఏడుపులు.

"ఎవరండీ?"

"ఆయనేనండీ... మా వారు."

"ఇక్కడ ఆరుగురు 'మా వారు'లున్నామండీ. ఏ వారు?"

ఇన్ని వేల బొటనవేళ్ల లోకంలో ప్రూఫు దిద్దడానికి పూనుకున్నది ఈమె ఒక్కరే. అయితే పెళ్లినాటి నుంచి ఆ నోట భర్త పేరు వచ్చింది లేదు. అవతల ఏడుపులు ఆగాయి. ఇవతల మేస్త్రిగారి అడుగులూ ఆగాయి.

ఏ ఫార్వర్డూ మోయలేక రాల్చేసిన ఆ కాస్త బరువును, మేస్త్రిగారి పేరును, ఆమె గట్టిగా పలికింది:

"గంగరాజు గారండీ!"