గుడ్డుకు ఓటమి లేదు

ఒక పెద్ద అడవిలో ఒక బంతాట జట్టు ఉండేది. అది ఓడిపోతూ ఉండేది.

ఆట పెద్ద కష్టమేమీ కాదు. ఒకరు వెలగకాయ విసురుతారు. ఇంకొకరు దాన్ని కర్రతో కొట్టి, నాలుగు మద్దిచెట్లనూ చుట్టి వస్తారు. ఏటి అవతలి అడవి వాళ్లు చుట్టి వచ్చేవాళ్లు. ఇవతలి వాళ్లు రెండో చెట్టు దగ్గర ఆయాసపడేవాళ్లు.

జట్టు వ్యవహారాలు చూసే కార్యదర్శి పట్టాభి అనే ఉడుము. ఆయన ఎన్నడూ కర్ర పట్టలేదు. కుర్చీ మాత్రం పట్టాడు. ఉడుము పట్టు సంగతి చెప్పేదేముంది.

ఆ ఏడూ ఓడిపోయాక అడవి సభ కూడింది. అధ్యక్షుడు భద్రయ్య అడవిదున్న, నెమ్మదస్తుడు. ఏదో ఒక మార్పు చూపించాలని, లేకపోతే కుర్చీ ఖాళీ చేయాలని చెప్పాడు.

పట్టాభి నాలుగు కాళ్లతో కుర్చీని కరుచుకుని కాసేపు ఆలోచించాడు. తరవాత తల ఎత్తాడు.

"ఈనాటి ఆటగాళ్లను నమ్ముకోవడమే మన తప్పు. వీళ్లను అవతలి అడవికి ఇచ్చేసి, బదులుగా గుడ్లు తెచ్చుకుందాం. పొదిగి పెంచుకుందాం. ఇంతవరకూ ఒక్క ఆటలోనైనా ఓడిన గుడ్డును మీరెవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఉడుములు ఏం తింటాయన్న ప్రశ్న ఎజెండాలో లేదు.

మొదట అడవిపంది వెళ్లింది. జట్టులో వెలగకాయను గట్టిగా కొట్టగలిగేది అదొక్కటే. అవతలి అడవి కార్యదర్శి నాంచారయ్య ముంగిస కాబట్టి గుడ్ల విలువ ఆయనకూ తెలుసు. తట్టెడు గుడ్లకు బేరం కుదిరింది. దారిలో తట్ట కాస్త తేలికైంది. పట్టాభి ఏమీ అడగలేదు. పెద్దమనుషుల మధ్య అలాంటివి ఉంటాయి.

గుడ్లు పట్టాభి ఉండే పుట్టలోకి చేరాయి. బయట 'శిక్షణ శిబిరం, లోపలికి రాకూడదు' అని బోర్డు వెలిసింది. వానాకాలం పోయింది, చలికాలం పోయింది. లోపలి నుంచి ఒక్క ఆటగాడూ రాలేదు. పట్టాభి మాత్రం లావయ్యాడు.

కొందరికి క్రమశిక్షణ లేదని, ఇంకొందరికి పెంకులో ఉన్నప్పుడే పట్టుదల కొరవడిందని, అలాంటివాళ్లను తప్పించానని ఆయన సభకు చెప్పాడు. అడవికి వార్తలు చెప్పే కాకి, కార్యదర్శి బరువు పెరగడం జట్టు భవిష్యత్తుకు శుభసూచకమని చెట్టెక్కి చాటింది.

తరవాత కొండముచ్చు వెళ్లింది, జింక వెళ్లింది. తట్టలు వచ్చాయి, ఖాళీ అయ్యాయి. చివరికి కుందేలు ఒక్కతే మిగిలింది.

"పట్టాభి మామా, అందరినీ పంపేశావు. ఇక నేనే విసిరి నేనే కొట్టుకోవాలా?" అని అడిగింది.

"నీకా ఇబ్బంది లేదమ్మా. నిన్నూ ఇచ్చేశాను," అన్నాడు పట్టాభి.

కుందేలు చిన్నది కాబట్టి బదులుగా ఒక్క గుడ్డే వచ్చింది.

ఆ ఏడాది ఆటకు అవతలి వాళ్లు వచ్చి, ఎదురుగా ఎవరూ లేకపోతే తమలో తాము ఆడుకుని గెలిచి వెళ్లారు. భద్రయ్య మొదటిసారి గొంతు పెంచాడు. వచ్చే పున్నమికి సభంతా శిబిరానికి వస్తుందట. తమ కళ్ల ముందు ఒక్క పిల్లైనా పెంకు పగలగొట్టుకు రావాలట. రాకపోతే కుర్చీ దిగాల్సిందే.

మిగిలింది ఆ ఒక్క గుడ్డు. పట్టాభి జీవితంలో తొలిసారి గుడ్డుకు కాపలా కాశాడు, అదీ తన నోటి నుంచే. దాని వాసన తగలకుండా ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నాలుక తనంతట తాను వెనక్కి తిరిగేది. ఒకపక్క ఆకలి, ఒకపక్క కుర్చీ. కుర్చీయే గెలిచింది.

పున్నమినాడు సభ చూస్తుండగా గుడ్డు చిట్లింది. తాబేలు పిల్ల బయటికి వచ్చింది.

నాంచారయ్య ఏరి పంపిన గుడ్డు అది. పిల్ల మొదటి మద్దిచెట్టు వైపు బయలుదేరి, రెండడుగులు వేసి, తల లోపలికి లాక్కుంది.

భద్రయ్య కళ్లు చెమర్చాయి. "కార్యదర్శి గారు మాట నిలబెట్టుకున్నారు. ఇది నాలుగు చెట్లూ చుట్టి రావడానికి ఏం కావాలి?"

"కాలం ఇవ్వాలి," అన్నాడు పట్టాభి, అలవాటుగా.

సభ ఇచ్చింది. తాబేలు శిక్షణ పూర్తయ్యేదాకా పట్టాభే కార్యదర్శి అని తీర్మానించింది. తాబేళ్లు నూరేళ్లు దాటి బతుకుతాయని ఎవరో గుర్తు చేశారు. చప్పట్లు మోగాయి.

మర్నాడు పట్టాభికి అసలు సంగతి తట్టింది. ఇవ్వడానికి ఆటగాళ్లు లేరు, కాబట్టి గుడ్లు రావు. శిక్షణ చూడటానికి జనం రోజూ వస్తున్నారు, కాబట్టి కుర్చీ వదిలి వేటకు పోలేడు. తాబేలును తిందామంటే పెంకు గట్టిది, పైగా అది జట్టు మొత్తం. నెల తిరిగేసరికి పట్టాభి తోలు వేలాడింది. చివరికి నాంచారయ్యకు కబురు పెట్టాడు.

"బావా, ఈసారి నన్ను తీసుకుపో. నా బదులు ఏదిచ్చినా సరే."

నాంచారయ్య వచ్చి, పాత స్నేహం కొద్దీ, ఒక గుడ్డు ఇస్తానన్నాడు. భద్రయ్య అసలు ఆలోచించలేదు.

"మా కార్యదర్శికి సరితూగేది మీ అడవి మొత్తంలో లేదు. ఇవ్వం."

పట్టాభి కుర్చీ దిగబోయాడు. ఆయన వినయానికి ముచ్చటపడి, సభ్యులంతా పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టారు. తాబేలు అప్పటికి మొదటి చెట్టు నీడలోకి చేరింది. అక్కడ నిద్రపోయింది.

నీతి: చేతకాని అధికారిని తొలగించనక్కర్లేదు, అడిగినంత కాలం ఇస్తే చాలు.