చైనా గురించి మాత్రమే మాట్లాడవలెను

చైనా మీద తుది అభిప్రాయం చెప్పవలసిన బాధ్యతను చరిత్ర చివరికి చైతన్యపురిలోని పదహారు ఫ్లాట్ల మీద పెట్టింది. ఐక్యరాజ్యసమితి వల్ల కాలేదు, పెద్ద పెద్ద పత్రికల వల్లా కాలేదు. సౌభాగ్య రెసిడెన్సీ ఫ్లాటు యజమానుల సంక్షేమ సంఘం ఆ పనిని సర్వసభ్య సమావేశంలో, చాయ్ సమోసాల మధ్య, తనంతట తానే నెత్తికెత్తుకుంది. ఆ సంఘానికి కార్యదర్శిని నేను. మా నాన్నది సూర్యాపేట, మా అమ్మది తెనాలి. ఉద్యమం రోజుల్లో ఆ పదవికి ఇంతకంటే అర్హత అక్కర్లేదు. రెండు పక్షాలవారూ నన్ను సమానంగా నమ్మరు.

సంగతి 2011 ఫిబ్రవరిది. అప్పటికి ఏడాదిపైగా మా అపార్ట్‌మెంటులో రాష్ట్రం మాట రాకుండా పాల ప్యాకెట్టు కూడా లోపలికి వచ్చేది కాదు. పదహారు ఫ్లాట్లలో ఎనిమిది నల్గొండ వాళ్ళవి, ఎనిమిది కోస్తా వాళ్ళవి. (బిల్డరు కావాలనే ఇలా అమ్మాడని కొందరి అనుమానం. ఆయన రాయలసీమ మనిషి.) నీళ్ళ ట్యాంకరు ఆలస్యమైతే మాట కృష్ణా నీళ్ళ పంపకం దాకా వెళ్ళేది. ఎవరి స్కూటరైనా అడ్డం ఉంటే 1956 దాకా వెళ్ళేది. జనవరి మీటింగులో ప్లాస్టిక్ కుర్చీలు గాల్లోకి లేచాయి. కుర్చీలు సంఘం ఆస్తి కనుక నేను జోక్యం చేసుకోవలసి వచ్చింది.

దాని ఫలితమే ఏడో నంబరు తీర్మానం. "గేటు, పార్కింగు, మెట్లు, లిఫ్టు, టెర్రస్‌లలో రాష్ట్ర విషయం ఎవరూ ఎత్తరాదు. ఏదో ఒకదాని మీద వాదించక ఉండలేని సభ్యులు చైనా గురించి, దాని ప్రభుత్వం గురించి మాత్రమే మాట్లాడవలెను."

చైనాయే ఎందుకని అడుగుతారు. మేమూ తొందరపడలేదు. వాతావరణం పెడదామంటే అది వానలకు, వానలు ప్రాజెక్టులకు దారితీశాయి. సినిమాలు అన్నప్పుడు ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. బిర్యానీ అనగానే పరిస్థితి చెయ్యి దాటబోయింది. ఆ వారమే చైనా జపాన్‌ను దాటి ఆర్థికంగా ప్రపంచంలో రెండో స్థానానికి వచ్చిందని పేపర్లో పడింది. మాలో ఎవరూ అక్కడికి వెళ్ళలేదు, అక్కడినుంచి ఎవరూ మా దగ్గరికి రాలేదు, ఎవరికీ అక్కడ వియ్యంకులు లేరు. ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి అందరూ నిర్భయంగా మాట్లాడవచ్చని సభ ఏకగ్రీవంగా భావించింది.

వాచ్‌మన్ గదిలో ఒక రిజిస్టరు పెట్టాను. ఫ్లాటుకు ఒకే అభిప్రాయం. అది యజమాని పేరు మీద ఉంటుంది. కిరాయికి ఉన్నవాళ్ళు అభిప్రాయాలు వినవచ్చు గాని కలిగి ఉండరాదు. ఒక్కో పేరు ఎదురుగా మూడు గడులు: 'మంచిది', 'మంచిది కాదు', 'ఆలోచిస్తున్నాం'. (మూడో గడిలో ఒక్క టిక్కూ పడలేదు.)

మొదటి సాయంత్రమే చర్చ మొదలైంది. మా అధ్యక్షులు పట్టాభిగారు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. మొదటి అంతస్తులో, 103లో ఉంటారు. ఎదుటి పక్షం పెద్ద బక్కయ్యగారికి ఆటోనగర్‌లో లారీల ఆఫీసు ఉంది. ఆయనది నాలుగో అంతస్తు, 403.

"అంత పెద్ద దేశమండీ! అందరూ ఒకే గొడుగు కింద ఉండబట్టే కదా అంత అభివృద్ధి. ముక్కలైపోతే ఏం మిగిలేదండీ?" అన్నారు పట్టాభిగారు, చైనా గురించి.

"గా గొడుగు పట్టుకున్నోడు ఒక్కడే సార్. తడిసేటోళ్ళు వేరే ఉన్నరు," అన్నారు బక్కయ్యగారు, ఆయన కూడా చైనా గురించే.

"బీజింగును ఆ స్థాయికి తెచ్చిందెవరండీ? నలుమూలల నుంచీ వచ్చి కష్టపడినవాళ్ళు కాదూ?"

"వచ్చుడు తప్పు గాదు సార్. గా ఊరోనికే గా ఊర్ల కొలువు లేకపాయె. గదీ లొల్లి."

నేను తీర్మానం కాపీ చేత్తో పట్టుకుని గంటసేపు విన్నాను. ఒక్క ఉల్లంఘన కూడా దొరకలేదు. బీజింగు ఎవరిదన్న విషయం మీద ఆ వారంలో మూడు రోజులు చర్చ నడిచింది. (బీజింగును కొంతకాలం ఉమ్మడిగా ఉంచుదామని మూడో అంతస్తులో ఒకాయన మధ్యేమార్గం చెప్పి రెండువైపులా తిట్లు తిన్నాడు.) సరైన సమాచారం కోసం మా సందు మొగదల డ్రాగన్ చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండి నడిపే యాదలక్ష్మిని నిపుణురాలిగా పిలిపించాం. ఆమెది చౌటుప్పల్. చైనా ప్రభుత్వం మీద ఆమె ఉద్దేశం ఏమిటని పట్టాభిగారు మర్యాదగా అడిగారు.

"మంచూరియాల ఉల్లిగడ్డ ఎక్కువెయ్యాల్నా తక్కువెయ్యాల్నా గది చెప్పున్రి సార్. అవుతల గిరాకీ నిలవడ్డది," అంది యాదలక్ష్మి. ఆమె వాంగ్మూలాన్ని ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా నమోదు చేసుకున్నాయి.

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. నేను సంతోషంగానే ఉన్నాను. హోలీ మర్నాడు లిఫ్టు ఆగిపోయింది.

ఇక్కడ ఇద్దరు ఆడవాళ్ళ గురించి చెప్పాలి. బక్కయ్యగారి తల్లి అండాలమ్మ, పట్టాభిగారి భార్య కుసుమకుమారి. ఇద్దరికీ మోకాళ్ళు లేవు. అంటే ఉన్నాయి గాని పనిచెయ్యవు. రోజూ సాయంత్రం అయిదింటికి అండాలమ్మ లిఫ్టులో దిగేది. వాచ్‌మన్ గది పక్క సిమెంటు బెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఒకరి గోంగూర ఇంకొకరు తుంచేవారు. రాష్ట్రం మీద గాని, చైనా మీద గాని వాళ్ళు ఏమనుకుంటున్నారో సంఘం అడగలేదు. ఫ్లాటుకు ఒకే అభిప్రాయం, అది యజమానిది.

లిఫ్టు ఆగాక అండాలమ్మ నాలుగో అంతస్తులో ఉండిపోయింది.

మెకానిక్ జగన్ మలక్‌పేట నుంచి వచ్చి, మూత విప్పి చూసి, ఒక్క మాట చెప్పాడు. "సార్, బోర్డు పోయింది. ఇది చైనా బోర్డు. దీంట్ల ఇదే కూసుంటది, ఇంకోటి కూసోదు."

ఆ మాట అతను అనకుండా ఉండవలసింది. 'బోర్డు పోయింది' అని ఊరుకుంటే మర్నాటికి కొత్తది బిగించేవాళ్ళం.

నిజానికి బోర్డు కొనడం ఎవరికీ అభ్యంతరం కాదు. ఇది చదివేవారు గమనించాలి. పదహారు ఫ్లాట్లూ కొనాలనే అన్నాయి. తగువంతా తీర్మానంలో మొదటి వాక్యం దగ్గర వచ్చింది. "చైనా సాధించిన ప్రగతిపై విశ్వాసంతో ఈ బోర్డు కొనుచున్నాము" అని ఉండాలని పట్టాభిగారు. "వేరే గతి లేక ఈ బోర్డు కొనుచున్నాము" అని ఉండాలని బక్కయ్యగారు. ఓటింగు పెట్టాను. ఎనిమిది, ఎనిమిది.

"మీ అమ్మగారే కదండీ పైన ఉన్నారు," అన్నాను బక్కయ్యగారిని పక్కకు పిలిచి.

"మా అమ్మను నేను చూసుకుంట. ఇది ఉసూలు ముచ్చట," అన్నారాయన. పట్టాభిగారు కూడా దాన్నే సూత్రం అన్నారు. ఉసూలూ సూత్రమూ ఎదురుబొదురుగా కూర్చుంటే మధ్యలో లిఫ్టు ఎలా కదులుతుంది?

మొదటి వాక్యం రాయడానికి ఉపసంఘం వేశాం. ఉపసంఘం మే నెలలో సమావేశమై తనకొక ఉపసంఘం కావాలంది. జూన్‌లో బంద్ వచ్చింది, జూలైలో రాస్తారోకో వచ్చింది, సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు, కరెంటు వస్తూ పోతూ ఉంది. (లిఫ్టు పనిచేయనందువల్ల కరెంటు కోత ప్రభావం మా మీద తక్కువని ఉపసంఘం తన మధ్యంతర నివేదికలో సంతృప్తి వెలిబుచ్చింది.)

ఈలోగా 403 బాల్కనీ నుంచి 103 బాల్కనీకి ఒక తాడు, తాడుకో బుట్ట దిగాయి. గోంగూర పచ్చడి పైకి వెళ్ళేది, సకినాలు కిందికి వచ్చేవి. "అక్కయ్యా, ఉప్పు సరిపోయిందా?" అని కింద నుంచి కేక. "జర ఎక్కువైంది చెల్లె, ఐనా మంచిగున్నది!" అని పైనుంచి. ఏడు నెలలు మా ఇరుపక్షాల మధ్య సజావుగా నడిచిన వ్యవస్థ అదొక్కటే. దాన్ని ఏ తీర్మానం కిందికి తేవాలో నాకు తోచలేదు, అందుకే నడిచింది.

సద్దుల బతుకమ్మ దగ్గర పడింది. ఏటా మా పార్కింగులోనే ఆడతారు. పాట ఎత్తేది అండాలమ్మ. కుసుమకుమారిగారు మొదట చూడ్డానికి వచ్చి, తర్వాత చప్పట్లు నేర్చుకుని, ఇప్పుడు మూడు పాటలు మొత్తం పాడతారు. డెబ్భై ఏళ్ళలో ఒక్క బతుకమ్మా తప్పలేదట అండాలమ్మకు. పండుగకు నాలుగు రోజుల ముందు, మెయింటెనెన్సు వసూలుకు వెళ్ళి, వచ్చిన పని మరిచిపోయి ఆమె గుమ్మంలో నిలబడ్డాను.

"బిడ్డా, పండుగకన్న దించుతరా నన్ను?" అని అడిగింది.

"మొదటి వాక్యం ఒక్కటే మిగిలిందమ్మా," అన్నాను. ఆ జవాబు నా నోట్లోంచి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పండుగనాడు మధ్యాహ్నం రెండింటికి కుసుమకుమారిగారు చేతిలో తంగేడు పూల సంచీతో మెట్లెక్కడం మొదలుపెట్టారు. మొదటి అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు యాభై నాలుగు మెట్లు. రెండో అంతస్తులో కూర్చున్నారు, మూడో అంతస్తులో నీళ్ళు తాగారు. "ఏవిటే ఇది, మోకాళ్ళు ఏం కావాలి?" అని పట్టాభిగారు కింద నుంచి అరిచారు. ఆవిడ ఎక్కుతూనే ఉన్నారు. పలికితే ఊపిరి అందదు. ముక్కాలు గంట తర్వాత పైకి చేరారు. ఆవిడ వెనక అన్ని ఫ్లాట్ల ఆడవాళ్ళూ ఎక్కారు, కిరాయి వాళ్ళతో సహా. ఆ సాయంత్రం బతుకమ్మ నాలుగో అంతస్తు వరండాలో ఆడారు. మేం మగవాళ్ళం ఖాళీ పార్కింగులో నిలబడి పైకి చూస్తూ విన్నాం. పాట రాష్ట్ర విషయం కిందికి వస్తుందా అని ఒకరు అడిగారు. బుట్టలో సద్దులు దిగాయి, తిన్నాం. తర్వాత పడుచువాళ్ళు బతుకమ్మను ఎత్తుకుని సరూర్‌నగర్ చెరువుకు వెళ్ళారు. అండాలమ్మ బాల్కనీ పట్టుకుని, పూలు మలుపు తిరిగేదాకా చూసింది.

అసలు సంక్షోభం మర్నాడు బయటపడింది. కుసుమకుమారిగారు దిగలేకపోయారు. ఎక్కిన మోకాళ్ళు బిగుసుకుపోయాయి.

మొదటిరోజు పట్టాభిగారు ధైర్యంగా ఉన్నారు. రెండోరోజు పప్పు మాడ్చారు. మూడోరోజు బుట్టలో దిగిన జొన్నరొట్టె, సొరకాయ కూర తింటూ, చైనా ఊసెత్తకుండా నన్ను పిలిపించారు. బక్కయ్యగారు అప్పటికే నా గుమ్మంలో ఉన్నారు. "నా ఇంట్ల నాకే జాగ లేదు సార్. ఇద్దరు గలిసి టీవీ రిమోట్ దాచిపెట్టిండ్రు. నేనేమన్న అంటే, మీ సంఘానికి చెప్పుకో పొమ్మంటున్నరు. పరేషాన్ జేస్తున్నరు."

అత్యవసర సర్వసభ్య సమావేశం పదకొండు నిమిషాల్లో ముగిసింది. తీర్మానానికి మొదటి వాక్యం లేదు. రెండో వాక్యం: "బోర్డు కొనవలెను." బోర్డు ఏ దేశానిదో మినిట్స్‌లో రాయరాదని, రిజిస్టరును మూసి బీరువాలో పెట్టాలని కూడా తీర్మానించారు. జగన్ సాయంత్రానికల్లా బిగించాడు. నలభై నిమిషాల పని.

లిఫ్టు కిందికి వచ్చి తలుపు తెరుచుకునేసరికి పట్టాభిగారూ బక్కయ్యగారూ చెరోపక్క నిలబడి ఉన్నారు. లోపలినుంచి ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని బయటికి వచ్చారు. వీళ్ళిద్దరి వైపూ చూడలేదు. నేరుగా సిమెంటు బెంచీ దగ్గరికి నడిచి కూర్చున్నారు. ఏడు నెలల తర్వాత అండాలమ్మ పాదాలు నేలను తాకడం చూసి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. కార్యదర్శిని కనుక తుడుచుకున్నాను.

రిజిస్టరు చంకలో ఉంది, బీరువాలో పెట్టాలి. నిబంధనల ప్రకారం అడగకూడదు గాని అడిగాను. "అమ్మా, చైనా ప్రభుత్వం మీద మీ అభిప్రాయం ఏమిటి?"

అండాలమ్మ గోంగూర కట్ట విప్పుతూ కాసేపు ఆలోచించింది. మా అపార్ట్‌మెంటులో ఆ పని చేసిన మొదటి మనిషి ఆమే.

"గాడ ఒక్కడే మాట్లాడ్తడట గద, ఎవ్వల్నీ అడగడట. ఈడ పదహారు మంది మాట్లాడిండ్రు. నన్నైతే ఎవ్వలడగలె. నాకేం ఫరక్ తెల్వలె బిడ్డా."

ఆ అభిప్రాయానికి మా రిజిస్టరులో గడి లేదు. 'ఆలోచిస్తున్నాం' అన్నచోట టిక్కు పెట్టి, మూసేశాను.