గొడ్డలికి పిండికట్టు

తొమ్మిదింటి బస్సుకి సరస్సు దగ్గరికి బయల్దేరాలన్నది ఆ రోజు పథకం. తెల్లవారేసరికే రిటైరైన కండక్టరు వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, గుడారం తాలూకు సామానంతా వరసగా పెట్టాడు. మడత రంపం, చెక్క సుత్తి, ఇనప మేకులు, పొట్టి పార, చివర్న చిన్న గొడ్డలి. ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూసి, అంచు తడిమి, నిట్టూర్చి కింద పెట్టాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇలాంటి వస్తువులతో బస్సెక్కినవాళ్లని నడిరోడ్డు మీద దింపేసిన మనిషి ఆయన. డిపోలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు గాని, రూళ్లకర్ర అంటే తెలియనివాళ్లు లేరు.

ఆయన భార్య ఆసుపత్రిలో ఎముకల వార్డులో కట్లు కట్టే నర్సుగా పనిచేసి, ఆయన వెనకే రిటైరైంది. ఉద్యోగాలున్నంత కాలం ఇద్దరూ కలిసి ఒక్క ప్రయాణం చేసిన పాపాన పోలేదు. ఆయనది తెల్లవారుజాము డ్యూటీ, ఆవిడది రాత్రి డ్యూటీ. ఆవిడ గుమ్మం ఎక్కే వేళకి ఆయన గుమ్మం దిగేవాడు. పాలు పొయ్యి మీద ఉన్నాయనీ, తాళంచెవి పూలకుండీ కింద పెట్టాననీ, ఇలాంటి నాలుగు ముక్కల మీదే కాపురమంతా నడిచింది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ అక్కడే నిలబడి చూసేది. వెళ్లిన మనిషి తిరిగి వస్తాడన్న నమ్మకం ఎముకల వార్డులో పనిచేసేవాళ్లకి కొంచెం తక్కువే.

అందుకే ఈ రెండు రోజులూ పట్టుబట్టి అడిగింది. చుట్టాలు వద్దు, టీవీ వద్దు, నీళ్ల ఒడ్డున ఒక గుడారం చాలు. రెండు రోజులపాటు ఎవరూ ఎవరినీ సాగనంపక్కర్లేదు. సరస్సుకి రోజుకి ఒకటే బస్సు. గుడారం వేసుకునే చోటు వాళ్ల పేరు మీద పెట్టి ఉంది. ఆ రోజు చేరకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు.

"కండక్టరుకి ఒక మాట చెప్పి ఎక్కితే సరిపోతుంది కదండీ," అంది ఆవిడ.

"ఆ బస్సులో ఉండేది ఎవరనుకున్నావ్? నేను తయారుచేసిన పిల్ల. అనుమానం వస్తే కన్నతండ్రినైనా దింపెయ్యమని దానికి చెప్పింది నేనే."

కాబట్టి ఆయన మధ్యేమార్గం ఒకటి ఆలోచించాడు. పదును కప్పాలి, గట్టిగా కట్టాలి, సంచిలో పెట్టాలి, సీటు కిందికి తొయ్యాలి. ఇవన్నీ రూలు ప్రకారం చేస్తారు. కండక్టరుకి చెప్పడం అనేది ఒక్కటే దిగేటప్పుడు చేస్తారు. జనం బెదిరిపోకుండా ఉండాలంటే జనానికి కనపడకుండా ఉండటమే మేలని ఆయన వాదన. మేకుల్ని గలగలమనకుండా పాత మేజోళ్లలో దూర్చాడు. రంపం మడిచి తాడు కట్టాడు. పారకి తువ్వాలు చుట్టాడు. గొడ్డలి మాత్రం లొంగలేదు. ఎన్ని కాగితాలు చుట్టినా పదును బయటికొచ్చి ఆయన్నే చూస్తోంది. చివరికి దాన్ని భార్య ముందుకి జరిపాడు.

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. పదును వైపు దూది మందంగా పెట్టి, పైన మెత్తటి గుడ్డ చుట్టింది. ఇంట్లో పిండికట్టు చుట్టలు మిగిలి ఉన్నాయని గుర్తొచ్చి, నీళ్లలో తడిపి రెండు వరసలు వేసింది. పిడి పొడుగునా చుట్టుకుంటూ వచ్చి, తల దగ్గర మలుపు తిప్పి, మడమ ఒరుసుకోకుండా బొటనవేలితో నునుపు చేసింది. అక్కడ మడమ లేదన్న సంగతి ఆవిడ చేతులకి తోచలేదు. అవతలి కొసన, అన్నేళ్లూ అందరి కాళ్లకీ వదిలినట్టే, వేళ్ల వైపు కొంచెం తెరిచి వదిలింది. రంగు మారితే తెలియాలి కదా. ఆ సందులోంచి గొడ్డలి వెనకభాగం, సుత్తిలా మొద్దుగా ఉండే ఇనుము, నల్లగా తొంగిచూసింది.

రూళ్లకర్ర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏనుగు కూర్చున్నా ఎవరికీ గీరుకోదని సర్టిఫికెట్ ఇచ్చాడు. అది అచ్చం ఒక కాలులా ఉందని ఆ ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. ఆయనకి అందులో రూలు కనిపించింది, ఆవిడకి చాలా రోజుల తర్వాత వేసిన చక్కటి కట్టు కనిపించింది.

బస్సులో ఆవిడకి కిటికీ పక్క సీటు దొరికింది. సంచి సీటు కిందికి తోసి, లావెక్కిన గొడ్డలి వల్ల జిప్పు పడని వైపు వెనక్కి పెట్టి, ఆయన దాని మీద ఒక తువ్వాలు కప్పాడు. ఊరు దాటాక రోడ్డు మీద గతుకులు మొదలయ్యాయి. మొదటి గతుక్కి తువ్వాలు జారింది. రెండో గతుక్కి సంచి జానెడు వెనక్కి జరిగింది. మూడో గతుక్కి వెనక సీట్లో ఉన్న, చెప్పుల దుకాణం నడిపే ఒకావిడ పాదాల మధ్యకి ఇంకొక పాదం వచ్చింది.

ఆమె పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పాదాలే చూస్తోంది. ముందు మర్యాదగా తన కాళ్లు పక్కకి తీసుకుంది. తర్వాత ఆ కాలు ఎవరిదా అని పైకి చూసింది. ముందు సీట్లో ఇద్దరు మనుషులు, వాళ్ల నాలుగు కాళ్లూ ముందువైపే ఉన్నాయి. మళ్లీ కిందికి వంగి చూసి, నెమ్మదిగా లేచి వెళ్లి కండక్టరు చెవిలో చెప్పింది. అమ్మాయి నమ్మలేదు. చెక్క ముక్కేమో అంది.

"నాకా చెప్తున్నావ్ తల్లీ? కాలే. ఎడమది. ఆరో నంబరు. వేళ్లు నల్లబడిపోయాయి కూడా."

కండక్టరమ్మాయి టిక్కెట్లు చూస్తున్నట్టు నటిస్తూ వచ్చి, వంగి చూసి, లేచి నిలబడింది. వేరే ఎవరి సీటు కిందైనా అయితే ఈల వేసి బస్సు ఆపేసేది. కాని అక్కడ కూర్చున్నది తన గురువు. జీవితంలో అబద్ధం ఆడని మనిషి, ఆడనివ్వని మనిషి. గొంతు బాగా తగ్గించి, లగేజీ గురించి ఏమైనా చెప్పాల్సింది ఉందా సార్ అని అడిగింది.

రూళ్లకర్ర దొరికిపోయాను అనుకున్నాడు. దొరికాక దాచకూడదన్నది కూడా ఆయన రూలే.

"ఉందమ్మా. కాకపోతే అందరి ముందూ వద్దు. బాగానే కట్టాం, ఎవరికీ ఏ ప్రమాదం లేదు."

"అది ఎవరిది సార్?"

"మా మామగారిది. ఆయన పోయి చాలా కాలమైంది. దీన్నొక్కదాన్ని మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకుంది."

"ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టారు?"

"అటక మీద. అప్పుడప్పుడు దించి నూనె రాస్తుంటాను, పాడవకుండా."

కండక్టరమ్మాయి పక్క సీటు కమ్మీ పట్టుకుంది. ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడిగింది. సరస్సు దగ్గరికేనని, రెండు రోజులు వాడుకుని మళ్లీ ఇంటికి తెచ్చేస్తామని, ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు వదిలెయ్యమని ఆయన బతిమాలాడు. ఆయన బతిమాలడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ కాలు కంటే అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

ఆమె వెళ్లి డ్రైవరుకి చెప్పింది. డ్రైవరు సూది చూస్తేనే కళ్లు తిరిగే రకం. ఈలోగా చెప్పుల దుకాణం ఆవిడ ఊరుకోలేదు. ముందు పక్కవాళ్లకి, తర్వాత పక్కవాళ్ల పక్కవాళ్లకి సంగతి చేరేసింది. ఒక్కొక్కరే గాలి కోసమనీ, ఎండ కోసమనీ లేచి ముందుకి వెళ్లిపోయారు. కాసేపటికి ఆ చుట్టుపక్కల సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. భార్యకి మహా సంతోషమైంది. కాళ్లు బారజాపుకుని, ఈ కాలం జనం ఎంత మర్యాదస్తులో చూడండి అని భర్తకి చెప్పింది. ధైర్యం చేసి ఒక పెద్దావిడ మాత్రం వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మీవారు ఎన్నాళ్లుగా ఇలా ఉన్నారమ్మా?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతేనండీ. నాకు అలవాటైపోయింది."

పెద్దావిడ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

పోలీసుల దగ్గరికి వెళ్తే అందరూ సాయంత్రం దాకా సాక్ష్యాలు చెప్పుకుంటూ కూర్చోవాలని డ్రైవరు అన్నాడు. దారికి కాస్త పక్కగా ఒక చిన్న ఆసుపత్రి ఉంది, కాలు సంగతి కాలు సంగతి తెలిసినవాళ్లే తేలుస్తారు. కూడలి రాగానే బస్సు కుడికి తిరగాల్సింది ఎడమకి తిరిగింది. రూళ్లకర్ర చటుక్కున లేచి నిలబడ్డాడు. బస్సు రూటు మార్చడం ఆయన రక్తం ఒప్పుకోని విషయం. ఆయన లేవగానే బస్సులో ఉన్నవాళ్లంతా కూర్చున్నారు, నిలబడ్డవాళ్లు కూడా, సీటు లేనివాళ్లు కింద కూడా. మార్గమధ్యంలో రూటు మార్చే అధికారం డ్రైవరుకి లేదని ఆయన గట్టిగా చెప్పాడు. ఎవరూ కాదనలేదు. ఎవరూ బస్సు ఆపనూ లేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఒక్కడే ఉన్నాడు. సంచి బల్ల మీదికి చేరింది. వాకిలి దాకా ప్రయాణికులు నిండిపోయారు. డాక్టరు దాన్ని బయటికి తీసి, వేలితో తట్టి, వేళ్ల వైపు వంగి చూసి, అలవాటు కొద్దీ నొప్పి ఉందా అని అడిగి, ఎవరిని అడిగాడో తెలియక ఆగిపోయాడు. తర్వాత ఆయన ముఖంలో అనుమానం పోయి గౌరవం వచ్చింది. కట్టు ఎవరు వేశారో గాని అద్భుతంగా వేశారని, ఇలాంటి మడమ ఈ మధ్య ఎవరూ తీర్చడం లేదని అన్నాడు. అప్పుడు గాని భార్యకి సంగతి అర్థం కాలేదు. ఆవిడ బల్ల మీది కట్టు చూసింది, జనాన్ని చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పేలోగానే కట్టు కోసే రంపం బుర్రుమంది. పిండికట్టు రెండు చెక్కలై విడిపోయింది. మధ్యలో చిన్న గొడ్డలి, నూనె రాసి, నిగనిగలాడుతూ.

వాకిట్లో పెద్ద నిట్టూర్పు వినబడింది. గొడ్డలిని చూసి అంతమంది అంత ఆనందపడటం ఎక్కడా జరిగి ఉండదు. ముక్కూమొహం తెలియనివాళ్లు చేతులు కలుపుకున్నారు. మరీ అంత ఆరో నంబరు కాదులే అని చెప్పుల దుకాణం ఆవిడ సర్దుకుంది.

"గొడ్డలైతే కట్టి, చెప్పి తెచ్చుకోవచ్చు కదా సార్," అంది కండక్టరమ్మాయి. "మీరే నేర్పారు."

అందరూ పొలోమని బస్సెక్కారు. భార్య తన కిటికీ దగ్గర కూర్చుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. రూళ్లకర్ర మాత్రం గొడ్డలి చేత్తో పట్టుకుని మెట్టు కిందే నిలబడిపోయాడు. కట్టు పోయింది. కట్టని గొడ్డలితో బస్సెక్కడం రూలుకి విరుద్ధం. కొత్త కట్టు వెయ్యాలంటే రోగి పేరూ వయసూ రాయించాలని ఆసుపత్రివాళ్లు అంటున్నారు. బస్సులోవాళ్లంతా ఎక్కెయ్యమన్నారు. కండక్టరమ్మాయి ఈసారికి అటు తిరిగి నిలబడతానంది. అటు తిరగడానికా నీకు పని నేర్పింది అని ఆయన ఆమెని కోప్పడ్డాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు.

"నువ్వు వెళ్లి చోటు చూసుకో. నేను దీన్ని కట్టించుకుని రేపటి బస్సుకి వచ్చేస్తాను."

ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. బస్సు ఇంజను దడదడలాడుతోంది.

"ఇన్నేళ్లూ మిమ్మల్ని గుమ్మంలో నిలబడి పంపించాను," అంది. "ఇప్పుడు బస్సులో కూర్చుని కూడా పంపించలేనండీ."

ఆయన గొడ్డలి వైపు చూశాడు. "ఇది మీ నాన్నది."

"మా నాన్న ఇంక ఎక్కడికీ పోడు. మీరు ఎక్కండి."

ఆయన వెనక్కి తిరిగి, పిడి ముందుకి వచ్చేలా పట్టుకుని, ఆ గొడ్డలిని డాక్టరు చేతిలో పెట్టాడు. వట్టి చేతులతో మెట్టెక్కాడు. తిరుగు ప్రయాణంలో తీసుకుంటామని, అప్పటిదాకా తడి తగలనివ్వొద్దని భార్య కిటికీలోంచి చెప్పింది. డాక్టరు సరేనని తలూపాడు. దారిపొడుగునా రంపాన్నీ, పారనీ, మేకుల్నీ ఒక్కొక్కటే పైకి తీసి, కండక్టరమ్మాయికి పేరుపేరునా చూపించి, మళ్లీ సంచిలో పెట్టాడు రూళ్లకర్ర. ఆ ప్రదర్శన జరిగినంతసేపూ బస్సంతా నవ్వుతూనే ఉంది. ఎవరో ఆయన్ని రంపం మళ్లీ చూపించమన్నారు కూడా.

సరస్సు దగ్గర వాళ్లిద్దర్నీ దింపి బస్సు వెళ్లిపోయింది. ఆవిడ అలవాటు కొద్దీ అది మలుపు తిరిగేదాకా చూసింది. అందులో తనవాళ్లెవరూ లేరని గుర్తొచ్చి, పక్కకి తిరిగి ఆయన చెయ్యి పట్టుకుంది.

గుడారాల చోటు చూసుకునే కాపలాదారు ఎదురొచ్చి, ఆ సంచి బరువు చూసి జాలిపడ్డాడు. గొడ్డళ్లు, రంపాలు, సుత్తులు, పారలు అన్నీ అక్కడి షెడ్డులోనే ఇస్తారట. ఎవరూ ఇంటి నుంచి మోసుకురావద్దని గేటు పక్కన నిలువెత్తు బోర్డు కూడా పెట్టారట. భార్య అక్కడే గడ్డి మీద కూలబడి, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. రూళ్లకర్ర సంచి కింద పెట్టి, గేటు దాకా వెనక్కి నడిచి వెళ్లి, ఆ బోర్డు ఆసాంతం చదివి వచ్చి, రూలు బాగానే ఉందన్నాడు.