నాలుగు కాళ్ల కస్టమర్

ఆ రోజు మార్చి పద్నాలుగు, శనివారం. పొద్దున ఆ ఇంటి పెద్దాయన రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నారు. ఇంత వివరంగా గుర్తుండడానికి కారణం ఉంది. ఆ ఇంట్లో ఇప్పటికీ ఏ సంగతి చెప్పుకోవాలన్నా, అది గుర్రానికి నాలుగు కాళ్లూ విరిగిన రోజుకి ముందు జరిగిందా, తర్వాత జరిగిందా అని చూసుకుంటారు.

నిజానికి ఉడికించినవి రెండు గుడ్లు. రెండోది కూతురిది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. హెల్మెట్ చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి పని అప్పగించింది.

"నాన్నా, నేను పోటీ మైదానం చూసి రావాలి. నువ్వు షాపుకెళ్లి నింపాదికి బూట్లు తీసుకో. క్రాస్ కంట్రీకి కావాలని చెప్పు. నాలుగు కాళ్లకీ, మీడియం సైజు. అంతే."

"అంతేనా?"

"అంతే. నీ షాపు తెలివితేటలన్నీ చూపించకు."

నింపాది ఆమె తర్ఫీదు ఇస్తున్న గోధుమరంగు గుర్రం. ఏ పనీ తొందరపడి చేయదు గనక ఆ పేరు స్థిరపడింది. దుంగలూ కంచెలూ అయితే సరదాగా దూకుతుంది కానీ, నీళ్లు కనిపిస్తే దాని కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. మర్నాడు దాని మొదటి క్రాస్ కంట్రీ పోటీ. దుంగలు దూకుతూ, గట్లెక్కుతూ, మధ్యలో ఒక నీటిగుంటలో దిగి ఎక్కుతూ పరుగు సాగాలి. ఈసారి కూడా నీళ్ల దగ్గర ఆగిపోతే దాన్ని అమ్మేయడమేనని కోచ్ తేల్చి చెప్పాడు. ఆ మాట విన్న రోజు కూతురు కంచం ముందు కూర్చుని, కూర్చున్నట్టే లేచిపోయింది. ఆయన చూడనట్టే ఉండి, కంచం తీసి కడిగి బోర్లించారు.

అందుకే ఈ బూట్ల పని ఆయనకు చిన్నదిగా తోచలేదు. గుర్రానికి బూట్లంటే పాదాలకు వేసేవి కావు. మోకాలి కింద నుంచి గిట్ట పైదాకా కాలికి చుట్టి పట్టీలతో బిగించేవి. పరుగులో వెనక గిట్ట వచ్చి ముందు కాలిని తన్నినా, దుంగకి కాలు గీసుకున్నా దెబ్బ తగలకుండా కాపాడతాయి. ఇదంతా కూతురు చెప్పింది. ఆయన చెవికి మాత్రం బూట్లు అన్న ఒక్క మాటే ఎక్కింది. ఆయన ముప్ఫై ఏళ్లు చెప్పుల షాపులో పనిచేసి రిటైరైన మనిషి. కాలు చూడకుండా ఎవరికీ చెప్పు అమ్మి ఎరగరు. "మొదటిసారి కలిసినప్పుడు నా మొహం కంటే ముందు నా కాళ్లే చూశారు" అని ఆయన భార్య ఉన్నన్నాళ్లూ ఎగతాళి చేసేది.

కూతురి గుడ్డు కాగితంలో చుట్టి జేబులో వేసుకుని ఆయన గుర్రపుశాలకు వెళ్లారు. కాసేపటికి, గుర్రాల సామాన్లు అమ్మే షాపు గుమ్మంలోంచి ఒక పొడవాటి గోధుమరంగు ముఖం లోపలికి తొంగి చూసింది.

"గుర్రాన్ని ఎందుకు తెచ్చారు బాబాయ్ గారూ?" అన్నాడు షాపు యజమాని.

"బూట్లు వేసుకునేది నేనా, అదా?"

అతను పొట్టి స్టూలు ఒకటి పేవ్‌మెంట్ మీద వేశాడు. ఆయన దాని మీద కూర్చుని, గుర్రం కాలు ఒడిలోకి తీసుకున్నారు. షాపతను నాలుగు రకాలు తెచ్చి ముందు పెట్టాడు. అన్నీ బాగున్నాయి. అదే వచ్చిన చిక్కు.

చెప్పుల షాపుల్లో ఒక పద్ధతి ఉంది. కస్టమర్ ఎటూ తేల్చుకోలేకపోతే కుడికాలికి ఒక రకం, ఎడమకాలికి ఒక రకం తొడిగి నడవమంటారు. ఏది హాయిగా ఉందో కాలే చెబుతుంది. కానీ ముప్ఫై ఏళ్లలో ఆయనకు నాలుగు కాళ్ల కస్టమర్ తగల్లేదు. ఆయన కళ్లు మెరిశాయి.

ముందు ఎడమకాలికి లోపల ఉన్ని పరిచిన మెత్తటిది కట్టారు. ముందు కుడికాలికి మెరిసే బకిల్స్‌తో, ముందువైపు తెరిచి ఉన్నది కట్టారు. వెనక ఎడమకాలికి ఒక సైజు పెద్దది పెట్టారు.

"అది వదులు కదండీ," అన్నాడు షాపతను.

"ఎదిగే వయసు."

"ఎనిమిదేళ్లండీ దానికి."

"పిల్లాడేగా."

చివరి కాలికి మిగిలింది కూతురు చెప్పిన మీడియం. తేలిగ్గా, గట్టిగా ఉంది. ఒంటినిండా చిన్న చిన్న చిల్లులు.

"ఇదేమిటి, పురుగు కొట్టిందా?"

"నీళ్లు బయటికి పోవడానికండీ."

"ఇది నీళ్లల్లో దిగితే కదా," అని నిట్టూర్చి, దాన్నీ బిగించి ఆయన లేచారు. అలవాటు కొద్దీ చెయ్యి చాచి, "నాలుగడుగులు నడిచి చూడండి," అన్నారు.

నింపాది నడిచింది. ఒక్కో కాలూ పొట్ట దాకా ఎత్తి, గాల్లో కాసేపు ఆపి, ఇష్టం లేనట్టు కింద పెట్టింది. ఆయన ముఖం మాడిపోయింది.

"ఎక్కడో కరుస్తోంది."

"ఏ కాలికండీ?"

"అదే తెలియడం లేదు. ఇంకోసారి నడవండి."

ఎదురుగా బేకరీ ఆవిడ అద్దంలోంచి ఇదంతా చూసింది. గుర్రానికి నాలుగు కాళ్లకీ నాలుగు రకాల కట్లు. అడుగేయలేకపోతోంది. పక్కన ఒక పెద్దాయన దాని కాళ్లు తడిమి తల పట్టుకుంటున్నాడు. ఆవిడకి కోచ్ తెలుసు, రోజూ బ్రెడ్ కొంటాడు. వెంటనే ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మీ గుర్రం కాళ్లకి ఏదో అయింది. ఎవరో పెద్దాయన నాలుగిటికీ కట్లు కట్టేశాడు."

కోచ్ మైదానంలో ఉన్న అమ్మాయిని కేకేశాడు. "నింపాది నాలుగు కాళ్లూ విరిగాయట."

ఆమె పరుగెత్తుకొచ్చింది. "నాన్న ఎక్కడున్నారు?"

"కట్లు కడుతున్నది ఆయనేనట."

అక్కడే ఉన్న పశువుల డాక్టర్ వ్యాన్‌లో ముగ్గురూ బయల్దేరారు. ఇక్కడ షాపు ముందు జనం పోగయ్యారు. దెబ్బ ఎలా తగిలిందని కొందరు, లారీ గుద్దిందని కొందరు. తన షాపు బూట్లు వేసుకున్నందుకే గుర్రం కుంటిదైందని పేరొస్తుందేమోనని యజమానికి భయం వేసింది. కాసేపు షాపు మూసేద్దామని షట్టర్ లాగాడు. అది ధడేలున కిందపడింది.

తన జీవితంలో మొదటిసారి నింపాది తొందరపడింది. స్టూలు ఒక పక్కకీ, ఆయన ఒక పక్కకీ పడ్డారు. తాడు చేయి జారింది. గుర్రం వీధి వెంట దూసుకుపోయి, ఫర్నిచర్ షాపు ముందు రంగు ఆరబెట్టిన బెంచీని గడ్డిపరకలా దాటింది. ఆ తర్వాత రోడ్డుకి అడ్డంగా పైపుల కోసం తవ్విన గోతి ఉంది. గోతినిండా బురదనీళ్లు. అవతలి గట్టున అప్పుడే వ్యాన్ వచ్చి ఆగింది.

"అయిపోయింది, ఆగిపోతుంది," అంది కూతురు కళ్లు మూసుకుంటూ. పెద్ద చప్పుడు వినిపించింది. కళ్లు తెరిచేసరికి ముఖమంతా బురద చుక్కలు. గోతిలో దిగి, ఎక్కి, నింపాది ఆమె ఎదురుగా నిలబడి రొప్పుతోంది.

డాక్టర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "విరిగిన కాళ్లతోనే ఇంత దూకితే, దీన్ని నేను బాగుచేయకపోవడమే మంచిది."

ఆయన కుంటుకుంటూ వచ్చేసరికి కోచ్ బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కాలూ చూస్తున్నాడు. ఉన్ని బూటు నీళ్లు తాగి, తడిసిన పరుపులా గిట్ట మీదికి జారిపోయింది. తెరిచి ఉన్నదాంట్లో బురద నిండింది. పెద్ద సైజుది వెనక్కి తిరిగిపోయి పట్టీ నేల మీద ఈడుస్తోంది. చిల్లులున్నది మాత్రం కట్టినచోట కట్టినట్టే ఉంది. చిల్లుల్లోంచి సన్నగా నీళ్లు కారిపోతున్నాయి.

"ఇదేం సైజు?" అన్నాడు కోచ్.

"మీడియం," అన్నారు ఆయన గొంతు తగ్గించి.

కూతురు ఆయన వైపు చూసింది.

"నువ్వు చెప్పిందేనమ్మా. నేను గుర్రాన్ని కూడా ఓ మాట అడిగాను, అంతే. కానీ ఎక్కడో కరుస్తోంది. కాళ్లు ఎలా ఎత్తిందో నువ్వు చూడలేదు."

"కరవడం కాదు నాన్నా, కొత్త. కొత్త బూట్లు వేసుకున్న పిల్లలు ఎలా నడుస్తారు?"

ఆయన గుర్రం కాళ్ల వైపు చూశారు. కాళ్లు ఎత్తెత్తి, చూసుకుంటూ నడుస్తారు. ఆ నడక చూడడం కోసమే ఆయన అన్నేళ్లు ఆ పొట్టి స్టూలు మీద కూర్చున్నారు.

"రేపటికి నాలుగూ ఇవే తీసుకోండి," అన్నాడు కోచ్ లేస్తూ. "కానీ ఇది బెదిరి దిగింది. రేపు కావాలని దిగాలి."

ఆయన జేబు తడుముకున్నారు. అంత పడినా గుడ్డు చెక్కుచెదరలేదు. కూతురు రోడ్డు మీదే నిలబడి, పెంకు వలిచి, మొత్తం తినేసింది. షాపతను జతలు విడిపోయిన బూట్లు ఏరుకుంటూ, "ఒంటికాలి గుర్రం ఎవరికైనా ఉంటే చెప్పండి," అని గొణుక్కున్నాడు.

ఆదివారం నీటిగుంట దాకా అంతా సవ్యంగా జరిగింది. అక్కడ నింపాది వేగం తగ్గించింది. పరుగు నడకైంది, నడక ఆగిపోయేలా ఉంది. జీను మీద కూతురు ముందుకు వంగింది. కోచ్ తల తిప్పేసుకున్నాడు. తాడుకి ఇవతల, జనంలోంచి ఆయన గొంతు మెల్లగా వినిపించింది.

"నాలుగడుగులు నడిచి చూడండి."

నింపాది చెవులు రిక్కించింది. కాలు పొట్ట దాకా ఎత్తింది, చూసుకుంది, నీళ్లల్లో పెట్టింది. తర్వాత రెండోది. అలా ఎత్తెత్తి నడుచుకుంటూ గుంటంతా దాటి, అవతల గట్టెక్కి, తనకు తోచినప్పుడు పరుగందుకుంది. అన్ని గుర్రాల కంటే ఆఖరున వచ్చింది. కానీ పూర్తిగా వచ్చింది. కోచ్ అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు. వచ్చే పోటీకి పేరు రాసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన బూట్లు కడిగి, ఆరబెట్టి, శాలలో కొక్కేనికి తగిలించారు. కూతురు గడ్డిమోపు మీద కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఆమె మీద తన కోటు కప్పి, ఆయన గుర్రం దగ్గరికి వచ్చారు.

"హాయిగా ఉన్నాయాండీ?"

నింపాది గడ్డిలోంచి తల ఎత్తలేదు. కాసేపయ్యాక కూతుర్ని లేపి, ఇంటికి నడిపిస్తూ, ఆయన శాల తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు. సరిపోయిన చెప్పుల గురించి ఏ కస్టమరూ నోరు విప్పడు.