గింకో చెట్టు కింది నీలం వస్తువు

"నేరస్థులు నన్ను చూసి భయపడరు మాస్టారూ. నా మెదడును చూసి భయపడతారు," అన్నాడు కుసకబె.

ఆ మాట అన్నప్పుడు ఆయన చొక్కా తిరగేసి ఉంది. నేను చెప్పలేదు. ముప్పై ఆరేళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి, ఏ తప్పు ఎప్పుడు దిద్దాలో తెలుసు.

కుసకబె మా పేటలో, సంతకానికి బదులు అందరూ వేసే పేరు ముద్రలు చెక్కే దుకాణం నడుపుతాడు. పేట సంఘంలో నేర పరిశోధన విభాగం కూడా నడుపుతాడు. అందులో సభ్యుడు ఆయనొక్కడే. మెడలో ఎప్పుడూ ఒక ఈల, దానికి పిడికెడు నీలం కుచ్చు. ఆ ఈలను ఇంతవరకు ఒక్కసారే ఊదాడు. పాల బండి ఆగింది.

ఈసారి వచ్చిన కేసు బోన్ నాట్యం గురించి. పోయినవాళ్ళు ఏటా ఒకసారి ఇంటికి తిరిగి వచ్చే పండుగ బోన్; వాళ్ళ కోసమే ఆ నాట్యం. పండుగకు పేటంతా పార్కులో గుండ్రంగా తిరుగుతూ ఆడింది. తర్వాత పేటంతా కలిసి పార్కును శుభ్రం చేసింది. పార్కులో చెత్తబుట్టలు ఉండవు. ఎవరి చెత్త వాళ్ళు ఇంటికి పట్టుకుపోతారు, కంట పడితే పక్కవాళ్ళది కూడా. మర్నాటికి అక్కడ ఒక్క పుల్ల మిగల్లేదు. అదే మా కొంప ముంచింది.

పురపాలక కార్యాలయం ఏడో నిబంధన ప్రకారం, స్థలాన్ని కార్యక్రమానికి ముందు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. రుజువుగా ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో, రెండూ ఒకే చోటు నుంచి తీసి ఇవ్వాలి. ముందుది కుసకబె తీశాడు, తర్వాతది నేను తీశాను. పార్కుల విభాగంలో హమాదా అనే అమ్మాయి రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ముందు ఫొటోలో గింకో చెట్టు మొదట్లో నీలంగా ఏదో ఉందండి. తర్వాతి ఫొటోలో లేదు."

ఎవరో చెత్త అనుకుని తీసేసి ఉంటారమ్మా అన్నాను.

"చెత్తే అయినా అది ముందు నుంచీ ఉన్న చెత్త కదండీ. మీ కార్యక్రమం వల్ల వచ్చిన చెత్త తీయడానికే మీకు అనుమతి ఉంది. ముందున్నది మా విభాగానిది."

ఆ అమ్మాయి అది చెబుతూ రెండుసార్లు తలవంచి క్షమాపణ అడిగింది. మర్నాడు పదింటికి తనిఖీకి వస్తుందట. అప్పటికి ఆ వస్తువు గాని, దాని సంగతి గాని తేలకపోతే వచ్చే ఏడు మా పేటకు పార్కు ఇవ్వరు.

నా భార్య ఫుమియె జులై ఆఖరులో పోయింది. పోయినవాళ్ళకు పాటించే నలభై తొమ్మిది రోజులు నిండక ముందే పండుగ వచ్చింది కాబట్టి ఈ ఏటి నాట్యం ఆమె కోసం కాదు. ఆమె మొదటిసారి ఇంటికి తిరిగి వచ్చే బోన్ వచ్చే ఏడే. ఆ పార్కులో ఇరవై ఏళ్ళు అందరికీ అడుగులు నేర్పిన మనిషి. ఆమె వచ్చేసరికి అక్కడ ఎవరూ ఆడుతూ ఉండకపోవడం నాకు ఇష్టం లేదు. ఈ సంగతి నేను కుసకబెకు చెప్పలేదు. చెప్పకుండానే ఆయన తలకెత్తుకున్నాడు.

భూతద్దంతో ఫొటోను పరిశీలించి, అది వస్తువు కాదని తేల్చాడు. నీలం వానకోటు వేసుకుని ముడుచుకు కూర్చున్న మనిషట.

"ముందు ఉన్నాడు. తర్వాత లేడు. మధ్యలో ఏం జరిగింది మాస్టారూ?"

"నాట్యం జరిగింది."

"హత్య జరిగింది."

చెట్టు పక్క బెంచీ కన్నా మనిషి చిన్నగా ఉన్నాడేమని అడిగాను. దూరంగా కూర్చున్నాడన్నాడు. చెట్టుకు ముందున్నవాడు బెంచీ కన్నా దూరం ఎలా అవుతాడని అడగబోయి ఊరుకున్నాను.

నేరస్థలంలో కొలత టేపు పరిచి, మోకాళ్ళ మీద పాకి, అడుగుజాడలు చదివాడు. "హంతకుడు గుండ్రంగా తిరిగాడు. ఒకసారి కాదు, వందలసార్లు. మతి చెడిన మనిషి." అవి నాట్యం చేసినవాళ్ళ అడుగులని గుర్తు చేశాను. అందులో ఒక జత తనదేనని కూడా చెప్పాను. గుంపులో కలిసి తిరగడమే హంతకుడి తెలివి అని, తన పక్కనే తిరగడం వాడి పొగరు అని అన్నాడు.

తర్వాత టోఫు కొట్టు తోకు మామ్మను విచారించాడు. ఆమెకు ఎనభై రెండేళ్ళు. పండుగ సాయంత్రం ఎక్కడున్నావని గద్దించాడు.

"నీ పక్కనే ఉన్నాను కదరా. నా కాలు తొక్కావు. రెండుసార్లు."

ఆయన అది పుస్తకంలో రాసుకున్నాడు.

ఆఖరి అస్త్రంగా ఇంటింటికీ తిరిగే సంఘం అట్ట మీద ఒక ప్రకటన అంటించాడు: 'గింకో చెట్టు దగ్గర నుంచి నీలం రంగుది ఏదైనా తీసుకెళ్ళినవారు రేపు ఉదయంలోగా అక్కడే పెట్టాలి. మేము అంతా కనిపెట్టేశాం.' సాయంత్రానికి అట్ట పేటంతా తిరిగి, అందరి ముద్రలతో వెనక్కి వచ్చింది. ఆయన ఆ ముద్రల్లో నేరం వెతికాడు. ఒకటి వంకరగా ఉందని, అది వణికే చెయ్యి అని పట్టుకున్నాడు. ముద్రే వంకరగా చెక్కి ఉంది. చెక్కింది ఆయనే.

మర్నాడు తొమ్మిదిన్నరకు కుసకబెతో కలిసి పార్కుకు వెళ్ళాను. చెట్టు కింద పదమూడు నీలం వస్తువులు ఉన్నాయి. బకెట్టు, టార్పాలిన్ పట్టా, ఒంటి చెప్పు, విసనకర్ర, పిల్లల ఈత టోపీ, ఇంకా ఏవేవో. అన్నీ కడిగి, తుడిచి, వరసగా పెట్టి ఉన్నాయి. ప్రతిదానికీ ఒక క్షమాపణ చీటీ, పేరు, ముద్ర. మా పేటలో తప్పు చేయలేదని ధీమాగా ఉన్నవాడు ఒక్కడూ లేడు. చెట్టు దగ్గర ఎప్పుడో ఏదో తీశామేమోనని అందరూ ఇల్లంతా వెతికి పెట్టారు. బకెట్టు తోకు మామ్మది. మూడేళ్ళ కిందట అక్కడ దొరికిందట.

"పదమూడు మంది ముఠా," అన్నాడు కుసకబె తృప్తిగా.

అప్పుడే హమాదా వచ్చింది. చీటీలన్నీ ఓపిగ్గా చదివింది. ఫొటోలో ఉన్నది వీటిలో ఏదని అడిగింది. మా ఇద్దరికీ తెలియదు. అయితే మిగతా పన్నెండూ పార్కులో చెత్త పారబోసినట్టు లెక్క అవుతుందని, అది వేరే నిబంధన అని చెప్పి, మళ్ళీ తలవంచింది.

వచ్చే ఏడు ఖాళీగా ఉండబోయే పార్కును నేను చూస్తూ నిలబడ్డాను.

కుసకబె మాత్రం తగ్గలేదు. ముఠా సొత్తుకు ఫొటో తీయాలన్నాడు. మొదటి ఫొటో తీసిన చోటికే వెళ్ళి, అప్పటిలాగే నడుం వంచి కెమెరా నొక్కాడు. వంగినచోటే తెర చూసుకున్నాడు.

"వాడు తిరిగొచ్చాడు," అన్నాడు సన్నగా. "పదమూడింటికీ ముందు కూర్చున్నాడు. పద్నాలుగో వాడు."

హమాదా కెమెరా తెర చూసింది. చెట్టును చూసింది. తర్వాత, ఇంకా వంగే ఉన్న ఆయన మెడ నుంచి కెమెరా ముందుకు జారి ఊగుతున్న ఈల కుచ్చును చూసింది.

"కుసకబెగారూ, మీరు కదలకండి," అని తన ఫోనుతో ఆ కుచ్చును ఫొటో తీసుకుంది. "ముందున్నది ఇదన్నమాట. అయితే పార్కులోంచి ఏదీ పోలేదు. రెండు ఫొటోలూ సరిపోయాయి." పది గంటలకు ఇంకా నాలుగు నిమిషాలు ఉందని, ఆలోగా ఇవన్నీ తీసేస్తే తాను వాటిని చూడనట్టేనని చెప్పి, నివేదిక మీద అంగీకార ముద్ర వేసింది.

"అంటే ఆ మనిషి బతికే ఉన్నాడు," అన్నాడు కుసకబె. "నేను చేపట్టిన కేసులో ప్రాణనష్టం ఉండదు మాస్టారూ."

ఈల ఊదాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చీపుళ్ళతో పరుగున వచ్చి ఎవరి వస్తువు వాళ్ళు పట్టుకుపోయారు. పన్నెండు పోయాక చెట్టుకు ఆనించిన ఒక నీలం గొడుగు మిగిలింది. దాని చీటీ అద్దకం పనిచేసే కజిహరాది. 'రెండేళ్ళ కిందట నాట్యం సాధన నాడు వాన వస్తే ఫుమియెగారు ఈ చెట్టు కింద ఇచ్చారు. తిరిగి ఇవ్వడం మరిచాను. ఇప్పుడు ఎవరికి ఇవ్వాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను.'

పిడి మీద ఆమె చేతిరాతలో మా ఇంటి పేరు ఉంది.

కుసకబె చీటీ చదివాడు. చాలాసేపు ఏమీ కనిపెట్టలేదు. తర్వాత నన్ను చూసి, "మాస్టారూ, నా చొక్కా తిరగేసి ఉందా?" అన్నాడు.

"నిన్నటి నుంచీ," అన్నాను.

పదికి ఒక్క నిమిషం ఉంది. నిబంధన ప్రకారం అక్కడ ఏదీ ఉండకూడదు. గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళి, గుమ్మం లోపల, వచ్చేవాళ్ళ చేతికి అందేచోట పెట్టాను.